పిల్లలతో తీరవిహారము: నెల్లూరు సీమలో నాడు, నేడు

సెలవు దినమున పిల్లలను వెంటబెట్టుకొని సముద్రతీరమునకు పోవుట నేడు నెల్లూరు వాసులకు మామూలు విషయము. పట్టణము నుండి మైపాడునకు దూరము 25 కిలోమీటర్లకు మించదు. ఉదయము ఫలహారము చేసి బయలుదేరినవారు మధ్యాహ్న భోజనమునకు ఇల్లు చేరవచ్చును. ఇంత చేరువలోనున్న సముద్రమును మన పూర్వులు వేడుక కొరకు చూడబోవుట అరుదన్నచో వింతగా తోచును. వారికి విహారములు లేకపోలేదు. కాని వారు ఎన్నుకొన్న చోట్లు వేరు, కాలములు వేరు, కట్టుబాట్లు వేరు. ఆ భేదమును విచారించుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము. పసిబిడ్డలు గల యిండ్లవారికి ఇది వట్టి పూర్వకథ కాదు.

మన కుటుంబ విహారములలో మిక్కిలి పాతది కార్తికమాసపు వనభోజనము. ఉసిరిచెట్టు గల తోపునకు చేరి, చెట్టును పూజించి, అక్కడనే పొయ్యిలు పెట్టి వండుకొని, విస్తళ్లలో పంక్తిగా భోజనము చేయుదురు. పెద్దలకు అది వ్రతము, పిల్లలకు ఆటవిడుపు. ఇల్లు కదలుటకు తీరిక లేని తల్లికి కూడ ఆ ఒక్క దినము ఆరుబయట నలుగురితో గడపు వెసులుబాటు కలుగుచుండెను. ఈ విహారము స్థిరపడినది తోపులలోనే గాని సముద్రపు ఒడ్డున కాదు. నెల్లూరు సీమకు అది మేలే యైనది. ఇచ్చట వర్షములు ముఖ్యముగా ఈశాన్య ఋతుపవనముల వలన అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియును. కార్తికము సరిగా తుఫానుల కాలముననే వచ్చును. 1984 నవంబరులో శ్రీహరికోట వద్దను, 1989 నవంబరులో కావలి వద్దను పెనుతుఫానులు తీరము దాటినవి. రెండును కార్తికముననే. వనభోజనమునకు మూలము తుఫాను భయమని మేము చెప్పబోము. ఆచారము ఏ కారణమున పుట్టినను, బిడ్డలను అది కెరటములకు దూరముగా ఉంచినది.

ఆ మాసముననే పౌర్ణమినాడు సముద్రస్నానము కలదు గదా యని శ్రోతలు అడుగవచ్చును. నిజమే. కాని దాని నియమములు వేరు. పర్వదినములలో తప్ప సముద్రమును తాకరాదని పెద్దలు చెప్పుచుండిరి. కార్తిక పౌర్ణమి, మాఘ పౌర్ణమి వంటి దినములలో ఊరివారందరు కలసి బండ్లు కట్టుకొని పోవుచుండిరి. ఒడ్డుననే మూడు మునుకలు వేసి, తడిబట్టలతో వెనుకకు మరలుచుండిరి. ఆ స్నానమున ఈతకు గాని పందెములకు గాని తావు లేదు. సముద్రమును నిత్యము ఎరిగినవారు పట్టపుపాలెముల జాలరులు మాత్రమే. తక్కినవారికి అది ఏడాదికి ఒకటి రెండు మారులు దర్శించి, నమస్కరించి, తిరిగి రావలసిన దైవము.

పిల్లలకు తీరసీమను అంతకంటె తీరికగా చూపినది సముద్రము కాదు, దానికి సమీపముగా ఇసుకదిబ్బల వెనుక పారు బకింగ్‌హాం కాలువ. 1806లో బేసిల్ కాక్రేన్ అను వర్తకుడు చెన్నపట్టణము నుండి ఎన్నూరు వరకు త్రవ్వించిన ఉప్పునీటి కాలువతో దీని కథ మొదలైనది. 1837లో ప్రభుత్వము దానిని తన వశము చేసికొని క్రమముగా ఉత్తరమునకు పొడిగించినది. పులికాటు సరస్సును దాటి, నెల్లూరు తీరము పొడవునను సాగి, అది పెదగంజామునకు చేరినది. పెదగంజాము నుండి దక్షిణమున మరక్కాణము వరకు దాని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందు 257 కిలోమీటర్లు నేటి ఆంధ్రప్రదేశముననే కలవు.

ఈ కాలువకు ఆ పేరు వచ్చిన కథయందు దుఃఖము కలదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును దహించిన కరువును మనవారు ధాత కరువు అందురు. ఆ రోజులలో కరువు పనిగా చెన్నపట్టణమున కూవము, అడయారు నదులను కలుపుచు సుమారు 8 కిలోమీటర్ల కాలువ త్రవ్వించిరి. నాటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు మొత్తము కాలువకు నిలిచినది. కరువు పనులలో మగవారితో పాటు స్త్రీలును, బాలురును మన్ను మోసిరి. తరువాతి తరముల పిల్లలు వేడుకగా పడవలపై తిరిగిన నీటి దారిలో కొంత భాగము ఆకలిగొన్న పిల్లల చేతుల మీదుగా ఏర్పడినదే.

పడవ ప్రయాణము నిదానమైనది. గాలి అనుకూలించినచో తెరచాప ఎత్తుచుండిరి. లేనిచో గట్టున నడచుచు త్రాడుతో లాగుచుండిరి. లోతు లేని చోట గెడ వేయుచుండిరి. లాకుల వద్ద తలుపులు తెరచి నీటిమట్టము సరిపడువరకు ఆగవలెను. పెద్దలకు ఆ ఆలస్యము విసుగు. పిల్లలకు లాకు తలుపుల నడుమ నీరు ఎక్కుట, దిగుట చూచుటయే ఒక వినోదము. దారిపొడవునను ఉప్పుమళ్లు, సరుగుడు తోటలు, బురదలో మేయు కొంగలు కనబడుచుండెను. శ్రీహరికోట అడవి నుండి చెన్నపట్టణమునకు వంటచెరకు మోయు పడవలు ఎదురగుచుండెను. ఇరుప్రక్కల గట్లు గల నిలుకడ నీటిపై ప్రయాణము గనుక తల్లికి కొంత నిశ్చింత.

1899లో బెజవాడ, చెన్నపట్టణముల నడుమ రైలుమార్గము పూర్తియైన పిమ్మట ప్రయాణీకులు కాలువను విడువసాగిరి. తరువాత లారీలు వచ్చి సరుకులను కూడ తీసికొనిపోయినవి. 2008లో ఈ కాలువతో కూడిన జలమార్గమును 4వ జాతీయ జలమార్గముగా ప్రకటించినను, నెల్లూరు తీరమున పిల్లలతో ఎక్కదగిన ప్రయాణపు పడవలు మరల రాలేదు. రోడ్డు మనలను కాలువ వంతెన దాటించి తిన్నగా కెరటముల ముందు నిలుపుచున్నది. దూరము తగ్గినది; అపాయము తగ్గలేదు.

పాత కట్టుబాటు ఒక్కటియే సర్వరక్ష యని కూడ తలపరాదు. 2004 డిసెంబరు 26వ తేదీ ఆదివారము, పైగా పౌర్ణమి. ఆనాటి సునామీలో ఆంధ్రతీరమున మరణించినవారిలో జాలరులే కాక పుణ్యస్నానములకు వచ్చినవారును కలరు. పాడువడిన కాలువయే కెరటముల నీటిని కొంత తనలో ఇముడ్చుకొని, తన వెనుకనున్న పల్లెలను కాపాడినదని తరువాత పరిశీలకులు గుర్తించిరి. 2007లో హైదరాబాదున సునామీ హెచ్చరికల కేంద్రము వెలసినది. ఇప్పుడు తుఫానైనను, సునామీయైనను ముందుగా తెలియు అవకాశము కలదు. బయలుదేరుటకు ముందు రేడియో వాతావరణ సూచన వినుట మన తాతలకు లేని భాగ్యము; దానిని వదలుకొనరాదు.

హెచ్చరికలకు అందని అపాయము ఒకటి కలదు. ఒడ్డునకు పేరుకొన్న కెరటముల నీరు ఇరుకైన పాయగా కూడి వేగముగా లోనికి మరలును. ఆ పాయ పైన కెరటములు విరుగవు గనుక అది చూపునకు ప్రశాంతముగా ఉండును. తెలియనివారు అదే మేలని అచ్చటనే బిడ్డను దింపుదురు. ఏ చోట దిగవచ్చునో పట్టపుపాలెము వారిని అడుగుడు. పసిబిడ్డ చేయి విడువకుడు. మోకాలి లోతు దాటనీయకుడు. ఎవరైనను పాయలో చిక్కినచో ఎదురీదక, ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈది బయటపడవలెను.

బిడ్డల ఆనందమునకు నీటిలో దిగుటయే అవసరము కాదు. దొరవారిసత్రము సమీపమున నేలపట్టు చెరువును 1976లో పక్షుల రక్షితస్థలముగా ప్రకటించిరి. అక్టోబరు మొదలు మార్చి వరకు నీటి కడప చెట్లపై గూడబాతులు, నత్తగుల్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లలను పెంచును. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పైరునకు బలమని గ్రామస్థులు వానిని కాపాడుచు వచ్చిరి. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోవు దారిలో పులికాటు నీటిపై శీతకాలమున రాజహంసల బారులు కనబడును. ఒకప్పుడు వంటచెరకు పంపిన ఆ శ్రీహరికోట నుండియే 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్టు ఎగిరినది. 2019 నుండి ప్రజలు కూర్చుండి ప్రయోగములు చూచుటకు అచ్చట గ్యాలరీ కూడ ఏర్పడినది. 2022లో ఈ ప్రాంతము తిరుపతి జిల్లాలో చేరినను, నెల్లూరు నుండి ఒక పూటలో చేరదగినదే.

తోపు, కాలువ, పర్వస్నానము అను పాత ఏర్పాటును యథాతథముగా తిరిగి తెచ్చుట సాధ్యము కాదు. అందులోని మూడు పద్ధతులను మాత్రము మనము నిలుపుకొనవచ్చును: కాలమెరిగి బయలుదేరుట, నలుగురితో కలసి పోవుట, నీటి తీరు ఎరిగినవారి మాట వినుట. రానున్న సెలవునకు మైపాడునకు గాని, కోడూరునకు గాని బయలుదేరు తలిదండ్రులు పలహారపు మూటతో పాటు వీనిని కూడ వెంట తీసికొనిపోవుదురు గాక.