చిన్న కారు – చిన్నతనము
టెలివిజన్ ప్రకటనల చరిత్రలో ఒక ఘట్టము

తెలుగులో చిన్నతనము అను మాటకు రెండర్థములు గలవు. ఒకటి బాల్యము. రెండవది పరువునకు లోటు. "నలుగురిలో చిన్నతనముగా ఉన్నది" అని మన పెద్దలు అనగా అందరమును వినియున్నాము. మోటారు కార్ల వర్తకులకు ఈ రెండవ అర్థము చాలకాలము చిక్కు తెచ్చిపెట్టినది. ఏలయన, కారు కొనువాడు ప్రయాణ సాధనమును మాత్రమే కొనుటలేదు. ఇరుగుపొరుగువారి కన్నులలో తనకు గల స్థానమును గూడ కొనుచున్నాడు. అట్టివానికి చిన్న కారును అమ్మవలెనన్నచో, అది చిన్నదే గాని చిన్నతనము కాదని అతనిని ఒప్పింపవలెను. ఈ కార్యమును టెలివిజన్ ప్రకటనలు ఏ విధముగా సాధించినవో, ఎక్కడ సాధింపలేకపోయినవో పరిశీలించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

టెలివిజన్‌లో తొలి వ్యాపార ప్రకటన 1941 జులై 1న న్యూయార్కు నగరమున, ఒక గడియారముల కంపెనీ పక్షమున వెలువడినది. బ్రిటనులో 1955 సెప్టెంబరు 22న ఒక టూత్‌పేస్టు ప్రకటనతో ఆ పద్ధతి ఆరంభమయ్యెను. ఆ దశాబ్దమున అమెరికాలో కారు ప్రకటన లన్నియు ఒకే మూసలో పోసినట్లుండెడివి. కారు ఎంత పొడవో, ఎంత వెడల్పో, దానికి ఎంత క్రోమియపు తళుకు గలదో వర్ణించుటయే వాటి పని. కారు వెనుక భాగమున చేపరెక్కల వంటి రెక్కలు లేచియుండుట నాటి వేడుక. 1959 నాటి కాడిలాక్ కారులో ఆ వేడుక పరాకాష్ఠ నందుకొన్నది. ప్రతి సంవత్సరము కొత్త నమూనాను తెచ్చి, నిరుడు కొన్నవానికి తన కారు పాతబడిపోయినదను భావము కలిగించుటయే ఆ వ్యాపారమునకు ఆయువుపట్టు.

అట్టి సంతలోనికి వోక్స్‌వ్యాగన్ అను చిన్న జర్మను కారు ప్రవేశించెను. దాని పుట్టుక గొప్పగా చెప్పుకొనదగినది కాదు. హిట్లరు ప్రభుత్వము ప్రజల కారు అను పేర దానిని సంకల్పించి, 1938లో కర్మాగారమునకు శంకుస్థాపన చేసినది. ఇంతలో యుద్ధము వచ్చుటచే ఆ కర్మాగారము సైనికావసరములకు వినియోగింపబడెను. 1945లో ఐవన్ హర్స్ట్ అను బ్రిటిషు సైనికాధికారి శిథిలముల నడుమ దానిని పునరుద్ధరించి కార్ల తయారీ మొదలుపెట్టించెను. 1949లో అమెరికాలో అమ్ముడుపోయిన వోక్స్‌వ్యాగన్ కార్లు రెండే రెండు! ఆకారమున పెంకుపురుగును పోలియుండుటచే ఆ అర్థమిచ్చు బీటిల్ అను పేరు దానికి స్థిరపడెను. ఇంజను వెనుక నుండును, రెక్కలు లేవు, తళుకు లేదు, ఏటేట రూపము మారదు. పైగా శత్రుదేశమున పుట్టినది.

1959లో ఈ కారు ప్రకటనల బాధ్యతను న్యూయార్కులోని డాయిల్ డేన్ బెర్న్‌బాక్ అను సంస్థ స్వీకరించెను. ఆ సంస్థను నడపిన విలియం బెర్న్‌బాక్ యూదుడు. నాజీల కాలమున పుట్టిన కారునకు ఒక యూదుడు వకాల్తా పుచ్చుకొనుట చరిత్రలోని విచిత్రములలో ఒకటి. చిత్రకల్పనలో హెల్మట్ క్రోన్, రచనలో జూలియన్ కోయెనిగ్ ఆయనకు తోడైరి. వారు మొదట పత్రికలలో ప్రకటించిరి. పుటనంతయు తెల్లగా విడిచి, ఒక మూల చీమంత కారు బొమ్మను ముద్రించి, చిన్నగా ఆలోచింపుడని రెండు మాటలలో హితవు చెప్పిరి. మరొక ప్రకటనలో కారు బొమ్మ క్రింద నిమ్మపండు అని వ్రాసిరి. అమెరికా వాడుకలో ఆ మాటకు పనికిమాలిన సరకని అర్థము. కారు లోపలి చిన్న అర మీది పట్టీపై ఏదో మరక యున్నదని తనిఖీదారు ఆ కారును త్రిప్పిపంపెనని క్రింద వివరణము. తన సరకును తానే తప్పుపట్టుకొను వర్తకుని జనము నమ్మిరి.

ఈ పద్ధతియే పిమ్మట టెలివిజన్ తెరపైకి వచ్చెను. 1960ల మొదటి భాగమున వచ్చిన ఒక ప్రకటనను నేటికిని ఆ విద్య నేర్చువారు పాఠముగా చూచుచుందురు. తెల్లవారక ముందు చీకటి. విపరీతముగా మంచు కురిసియున్నది. ఒక చిన్న కారు ఆ మంచులో ఒంటరిగా దారి చేసికొని పోవుచుండును. పాట లేదు, తార లేదు. కారు ఒక కొట్టము ముందు ఆగును. మనిషి దిగి లోనికి పోవును. కొంతసేపటికి మంచును త్రోసివేయు పెద్ద యంత్రము దీపములు వెలిగించుకొని వెలుపలికి వచ్చును. మంచును తొలగించు యంత్రమును నడపువాడు ఆ యంత్రము దగ్గరకు దేనిలో పోవుచున్నాడో ఎన్నడైన ఆలోచించితిరా యని ఒక కంఠము ప్రశ్నించును. ఇందు కారును గూర్చిన పొగడ్త ఒక్కటియు లేదు. ఇంజను వెనుక నుండుటచే బరువు వెనుక చక్రములపై పడి, మంచులో చక్రములు జారవను సంగతిని చూచువాడు తనంతట తానే గ్రహించును. గుణమును చెప్పక చూపుట టెలివిజన్‌కు గల శక్తి. ఆ శక్తిని ఈ ప్రకటన నిండుగా వాడుకొన్నది.

1969లో వచ్చిన మరొక ప్రకటన మనవారి కథల వలె నవ్వించి నీతి చెప్పును. ఒక కోటీశ్వరుని అంతిమయాత్ర సాగుచుండును. బారులు తీరిన పెద్ద పెద్ద కార్లలో బంధువులు కూర్చుండియుందురు. మృతుని కంఠము తన వీలునామాను చదువుచుండును. రేపన్నది లేనట్లు ధనము వెదజల్లిన భార్యకు 100 డాలర్లు, ఒక క్యాలెండరు. కార్లకు, విలాసములకు సొమ్ము తగలబెట్టిన కుమారులకు చిల్లర నాణెములలో 50 డాలర్లు. ఖర్చు చేయుటయే మంత్రముగా గల వ్యాపార భాగస్థునకు శూన్యము. ఊరేగింపు చివర ఒక చిన్న వోక్స్‌వ్యాగన్‌లో మేనల్లుడు కన్నీరు తుడుచుకొనుచు వచ్చుచుండును. పైసా మిగిల్చినచో పైసా సంపాదించినట్లేయని నమ్మిన ఆ పిల్లవానికి యావదాస్తియు దక్కును. పెద్ద కార్లలోనివారు నవ్వులపాలైరి. చిన్న కారులోనివాడు వివేకి యనిపించుకొనెను. దీనితో చిన్నతనము వాహనము మారినట్లయ్యెను.

1968 నాటికి అమెరికాలో ఏటా నాలుగు లక్షలకు పైగా బీటిల్ కార్లు అమ్ముడుపోయినవి. 1972 ఫిబ్రవరి 17న ఆ కార్ల సంఖ్య 1,50,07,033ను దాటి ఫోర్డు మోడల్ టీ పేర నున్న రికార్డును అధిగమించెను. 2003 జులైలో మెక్సికోలో చివరి కారు తయారగునాటికి మొత్తము సంఖ్య 2,15,29,464. ఇదంతయు ప్రకటనల మహిమయే యనుట పొరపాటు. కారు గట్టిది, మరమ్మతు సులభము, ధర తక్కువ. కాని ఉన్న గుణమును సిగ్గుపడక చెప్పుకొను ధైర్యము ప్రకటన ఇచ్చినది.

ఐరోపాలో మరొక పోకడ కనబడును. 1991 నుండి 1998 వరకు రెనో కంపెనీ తన క్లియో అను చిన్న కారును బ్రిటనులో ధారావాహిక కథగా ప్రకటించెను. ఫ్రాన్సు దేశమున ఒక సంపన్న గృహము; తండ్రి, కుమార్తె; ఒకరికి తెలియకుండ ఒకరు ఆ కారులో సరసమైన షికార్లు. సంభాషణ దాదాపు రెండే మాటలు: "పపా?" "నికోల్!" 1998లో పెండ్లి ఘట్టముతో ఈ కథ ముగిసినది. చిన్న కారు లేనివారి కారు మాత్రమే కాదు, ఉన్నవారు ముచ్చటపడి నడపునది గూడనని ఈ కథ ధ్వనింపజేసినది.

ఇక మన దేశమునకు వత్తము. ఢిల్లీలో టెలివిజన్ ప్రసారములు 1959 సెప్టెంబరు 15న ఆరంభమైనను, వ్యాపార ప్రకటనలకు 1976 జనవరి 1 వరకు ప్రవేశము లేకుండెను. కార్ల విషయమున అంబాసిడరు, ఫియట్ కార్లదే రాజ్యము. కారు కొరకు పేరు నమోదు చేసికొని సంవత్సరముల తరబడి వేచియుండుట పరిపాటి. 1981లో కేంద్ర ప్రభుత్వ సంస్థగా మారుతీ ఉద్యోగ్ ఏర్పడినది. మరుసటి సంవత్సరము జపానులోని సుజుకీ కంపెనీతో ఒప్పందము జరిగెను. 1983 డిసెంబరు 14న ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధి తొలి మారుతీ 800 కారు తాళపుచెవిని ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి యొకరికి అందజేసిరి. అనగా ఈ దేశపు ఆధునిక చిన్న కారు మొట్టమొదట చేరినది మనబోటి ప్రభుత్వరంగ ఉద్యోగి ఇంటికే. అప్పటికే లక్షకు పైగా జనము డబ్బు కట్టి వేచియుండిరి. కొనువారే బారులు తీరియున్నపుడు ప్రకటనకు పెద్ద పని లేదు. ఆ కారును కొనగలుగుటయే నాడు గౌరవ చిహ్నము.

1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు నిర్బంధము తొలగుటతో పరిస్థితి మారెను. 1998లో మద్రాసు సమీపమున తయారైన హ్యుందాయ్ సాంత్రో, పుణేలో తయారైన టాటా ఇండికా రంగమున దిగినవి. కొరియా దేశపు కంపెనీ పేరును మనవారిలో పలువురు వినియుండలేదు. ఆ లోపమునే వారు కథావస్తువుగా గ్రహించిరి. కొరియా ప్రతినిధి యొకడు సినీనటుడు షారుఖ్ ఖాన్‌ను కలిసి తమ కారునకు ప్రచారము చేయుమని కోరును. మిమ్ములను ఎవరెరుగుదురు, మీ కారు మా దేశమునకు తగునా యని నటుడు ఎదురు ప్రశ్నలు వేయును. మన మనసులోని సందేహములను తార నోట అడిగించి సమాధానము చెప్పుట ఇందలి నేర్పు. తరువాతి సంవత్సరములలో మారుతీ ప్రకటన ఒకటి ఇంటింట నవ్వులు పూయించెను. ఒక సిక్కు బాలుడు బొమ్మకారును ఇల్లంతయు నడపుచుండును. ఎంతకును ఆపడు. తండ్రి విసుగుకొనగా, ఏమి చేయుదును నాన్నా, పెట్రోలు అయిపోవుటయే లేదని పంజాబీలో అమాయకముగా బదులిచ్చును. పొదుపు అను మాటను పలుకకయే పొదుపును మురిపెముగా మార్చిన ప్రకటన ఇది.

ఇన్ని విజయముల తరువాత ఒక విషాద ఘట్టమును చెప్పక తప్పదు. వానలో స్కూటరుపై భార్యాబిడ్డలతో పోవుచున్న కుటుంబమును చూచి, వారికి అందుబాటులో కారు ఉండవలెనని శ్రీ రతన్ టాటా సంకల్పించిరి. 2008 జనవరి 10న ఢిల్లీ ప్రదర్శనలో నానో కారు ఆవిష్కృతమైనది. లక్ష రూపాయల కారు అను మాట ప్రపంచమంతట మారుమ్రోగినది. రెండు లక్షలకు పైగా బుకింగులు వచ్చినవి. 2009 జులై 17న బొంబాయిలో తొలి నానోను అందుకొన్నది కస్టమ్స్ శాఖ ఉద్యోగి. ఈ తాళపుచెవియు ఒక ప్రభుత్వోద్యోగి చేతికే వచ్చుట గమనింపదగినది. కాని ఆదరము నిలువలేదు. సింగూరు నుండి సానందునకు కర్మాగారము తరలుటచే ఆలస్యమయ్యెను. కొన్ని కార్లకు నిప్పంటుకొనిన వార్తలు భయము పుట్టించినవి. వీటికి తోడు, అన్నిటికన్న చవుక కారు అను ముద్ర దానికి శాపమైనది. అట్లు ప్రచారము చేయుట దురదృష్టకరమని శ్రీ రతన్ టాటాయే 2013లో విచారము వెలిబుచ్చిరి.

నానోకు మంచి టెలివిజన్ ప్రకటనలు లేకపోలేదు. ఒకదానిలో చిన్న ఊరి బాలిక తన ఇంటికి రానున్న పసుపుపచ్చ కారు కొరకు ఎదురుచూచి, అది రాగానే దానికి కాటుకతో దిష్టిచుక్క పెట్టును. ఆ చుక్కలో ఎంత గౌరవము, ఎంత మమకారము గలవో మన తల్లులకు వేరుగ చెప్పనక్కరలేదు. అయితే అప్పటికే మాట జారినది. స్కూటరుపై పోవు గృహస్థు కారు కొనునది వానను తప్పించుకొనుటకు మాత్రమే కాదు. వీధిలోనివారి ముందు తన పిల్లలు తలయెత్తుకొని దిగుటకు గూడ. చవుక అను మాట ధరను తెలుపుటతో ఆగక, కొన్నవాని స్థితిని గూడ ప్రకటించును. 2018తో నానో తయారీ దాదాపు ముగిసినది. మారుతీ 800 మాత్రము 1983 నుండి 2014 వరకు మూడు దశాబ్దములు వెలువడినది.

వోక్స్‌వ్యాగన్ ప్రకటనయు తన కారు చిన్నదనియే చెప్పినది. నానో ప్రచారమును తన కారు చవుకదనియే చెప్పినది. రెండును సత్యములే. మొదటి సత్యము కొనువాని బుద్ధిని మెచ్చుకొన్నది. రెండవ సత్యము కొనువాని జేబును నలుగురికి చూపినది. ఈ భేదమునందే గెలుపోటముల రహస్యము కొంత దాగియున్నది.

స్కూటరు అడ్వాన్సు కొరకు, మోటారు కారు అడ్వాన్సు కొరకు దరఖాస్తులు పెట్టుకొని, నెలనెల జీతములో కోత పెట్టించుకొన్న దినములు మనలో పలువురికి జ్ఞాపకము. 7వ వేతన సంఘపు సిఫారసుల పిమ్మట ఆ అడ్వాన్సులు నిలిచిపోయినవి. వాటితో కొన్న బండ్లకు పసుపు కుంకుమలు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలు ఉంచి, కుటుంబమంతయు ఎక్కి గుడికి పోయిన ఉదయములు మాత్రము మన ఇండ్లలో కథలుగా మిగిలియున్నవి. ఆ ఉదయమున ఆ బండి పొడవును ఎవరును కొలువలేదు. దానిని అమ్మజూచువారు ఎరుగవలసిన సంగతియు అదియే.