పాటకి దళారీ కావాలా?
(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



రాజమండ్రిలో మా చెల్లెలి కూతురు పాటలు పాడుతుంది. సంగీతం నేర్చుకుంది, గొంతు బాగుంటుంది. ఆమధ్య తనే ఒక పాట రాసి, బాణీ కట్టి, స్టూడియోకి అద్దె కట్టి రికార్డు చేయించుకుంది. పాట అయితే వచ్చింది గాని, వినేవాళ్ళు రావాలి గదా! అప్పుడు ఒకాయన ఫోనులో తగులుకున్నాడు. "ఇరవై అయిదు వేలు కట్టండి, మీ పాటని పెద్ద పెద్ద జాబితాల్లోకి ఎక్కిస్తాం, సినిమావాళ్ళ చెవిన వేస్తాం" అన్నాడు. పిల్ల నన్నడిగింది, "పెద్దమ్మా, కట్టమంటావా?" అని. నేను జవాబు చెప్పేలోపునే మా చెల్లెలు గాజులు తాకట్టు పెట్టి అయిదు వేలు అడ్వాన్సు పంపేసింది.

ఆ అయిదు వేలు ఏమయ్యాయో చివర చెబుతాను. ముందు ఒక సంగతి ఆలోచిద్దాం. పాట పదిమందికీ చేరాలంటే మధ్యన మనిషి కావాలి. ఇది ఈనాటి మాట కాదు. అయితే ఆ మధ్యమనిషికి డబ్బు ఎవరిచ్చేవారు? పాట తప్పిపోతే నష్టం ఎవరు భరించేవారు?

మన గోదావరి జిల్లాల్లో వెనకటి కాంట్రాక్టు నాటకాలు మీ అమ్మమ్మలు చూసే ఉంటారు. ఒక కాంట్రాక్టరు పేరున్న నటుల్ని ఊరూరి నుంచీ పిలిపించేవాడు. రాత్రికింతని మాట్లాడుకుని, పందిరి వేయించి, టిక్కెట్లు అమ్మేవాడు. పద్యానికి ఒన్స్ మోర్లు పడితే లాభం అతనిది. వాన కురిసి జనం రాకపోతే నష్టమూ అతనిదే. నటుడి దగ్గర డబ్బు పుచ్చుకుని నాటకం వేయించడం అతని వ్యాపారం కాదు. అంచేత ఎవరు బాగా పాడతారో అతను చెవులొగ్గి వినేవాడు. వినకపోతే తనే మునుగుతాడు మరి!

గ్రామఫోను సంగతీ అంతే. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గొంతు రికార్డయిన దగ్గర్నుంచీ కంపెనీలు గాయకులకి పారితోషికం ఇచ్చి పాడించుకున్నాయి. రికార్డులు అమ్ముడుపోకపోతే ఆ బరువు కంపెనీదే. తరవాత రేడియో వచ్చింది. 1938లో మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యాయి. రేడియోవారు గొంతు పరీక్ష పెట్టి, నెగ్గినవారికి పాడినందుకు ఫీజు ఇచ్చేవారు. పరీక్ష తప్పినవారు ఏడ్చి ఉండవచ్చు, కాని ఇల్లు గుల్ల చేసుకోలేదు.

ఇప్పుడు మన రాజమండ్రి ఆడపడుచు కథ ఒకటి చెప్పుకుందాం. టంగుటూరి సూర్యకుమారి 1925లో రాజమండ్రిలో పుట్టింది. ప్రకాశం పంతులుగారి అన్నదమ్ముల బిడ్డ. చిన్నతనంలోనే సినిమాల్లోకి వెళ్ళింది. 1942లో నాగయ్యగారి "దీనబంధు" సినిమా కోసం తిరుపతి కవి శంకరంబాడి సుందరాచారిగారు ఒక పాట రాశారు. సినిమాలో ఆ పాట పెట్టలేదు. అక్కడితో దాని కథ ముగిసిపోవలసిందే. కాని ఆ పాట సూర్యకుమారి గొంతులో గ్రామఫోను రికార్డయింది. అదే "మా తెలుగు తల్లికి". సినిమా గుమ్మంలోంచి వెనక్కి తిరిగివచ్చిన పాట, 1975లో హైదరాబాదు ప్రపంచ తెలుగు మహాసభలకల్లా రాష్ట్రగీతమై కూర్చుంది.

ఆ రికార్డుకీ మధ్యమనిషి ఉన్నాడు. కంపెనీయే మధ్యమనిషి. కాని అది తన డబ్బు పెట్టింది. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి మద్రాసు రేడియోలో "మాదీ స్వతంత్ర దేశం" పాడింది కూడా ఈ సూర్యకుమారే. రాసింది మన నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు. అక్కడ ఎవరి సిఫార్సుకీ రుసుము కట్టే పని లేకపోయింది.

అలాగని పాత రోజులన్నీ బంగారమని నేననను. సుందరాచారిగారి చివరి రోజులు సుఖంగా గడవలేదు. 1977లో పోయారు. తెల్లదొరతనం మీద పాటకట్టి జైలుకి వెళ్ళిన గరిమెళ్ళ సత్యనారాయణగారి పాట అచ్చుకన్నా వేగంగా ఊళ్ళు తిరిగింది. ఆయన మాత్రం 1952లో మద్రాసులో దరిద్రంతోనే కన్నుమూశారు. పాట ఊరంతా పాడుకుంటే కవి ఇంట పొయ్యి వెలుగుతుందని అనుకోవద్దు. రాసినవాళ్ళకి రాయల్టీలో వాటా ఉండాలని కాపీరైటు చట్టాన్ని గట్టిగా సవరించుకున్నది 2012లోనే.

అమెరికాలోనూ ఇదే తంతు. 1914లో జార్జి గెర్ష్విన్ అనే పదిహేనేళ్ళ కుర్రాడు న్యూయార్కులో ఒక పాటల పుస్తకాల కంపెనీలో చేరాడు. వచ్చినవాళ్ళకి పియానో మీద పాటలు వాయించి వినిపించడం పని. వారానికి పదిహేను డాలర్లు జీతం. ఆ జీతం ఇచ్చింది కంపెనీ, పాట రాసినవాడు కాదు. తరవాత రికార్డు కంపెనీలు రేడియోలో పాటలు వేసేవాళ్ళకి చాటున లంచాలివ్వడం మొదలుపెట్టాయి. 1959లో అక్కడి చట్టసభ విచారణ మొదలయింది. 1960లో దాన్ని నేరమన్నారు. ఎందుకని? పాట బాగుందని వేశారో డబ్బు ముట్టిందని వేశారో వినేవాడికి తెలియాలి గదా.

ఇప్పుడు మనకాలం చూద్దాం. పాటకి రికార్డు అక్కరలేదు, ఇంట్లోంచే ప్రపంచమంతటికీ పంపవచ్చు. సౌకర్యం వచ్చింది. దానితోపాటు నష్టం కంపెనీ నెత్తి మీంచి జారి మన నెత్తిన పడింది. దళారీ పాటని అమ్మి బతకడం మానేసి, పాడేవాళ్ళ ఆశని అమ్మి బతుకుతున్నాడు. మీ పాట ఆడినా ఆడకపోయినా అతని ఇరవై అయిదు వేలు అతనివే. ఇక అతను చెవులెందుకు ఒగ్గుతాడు?

అందరూ మోసగాళ్ళే అననులెండి. కొద్ది రుసుము తీసుకుని, జాబితాలు చేసేవాళ్ళకి పాట వినిపించి, బాగుందనో లేదనో జవాబు తెప్పించే సంస్థలున్నాయి. వాళ్ళు అమ్మేది వినడం మాత్రమే, చోటు కాదు. అది తెలిసి, కొద్దిలో కొద్ది పెట్టి చూస్తే తప్పులేదు. అయితే అక్కడ తెలుగు వినే చెవులున్నాయో లేదో ముందు చూసుకోవాలి. స్పాటిఫై వంటి చోట్ల విడుదల కాని పాటని వాళ్ళ సంపాదకులకి పైసా కట్టకుండా పంపుకునే వీలు 2018లోనే పెట్టారు. 2024 నుంచి అక్కడ ఏడాదిలో వెయ్యిసార్లు వినపడని పాటకి పైసా రాదు. వెయ్యి దాటినా వచ్చేది చిల్లరే. ఇరవై అయిదు వేలు ఎన్నాళ్ళకి తిరిగొస్తాయో, మీరు చిట్టీ లెక్క వేసినట్టే వేసి చూడండి.

మరి మా చెల్లెలి అయిదు వేల సంగతంటారా? పదిరోజుల్లో పన్నెండు వేలమంది విన్నారని లెక్క వచ్చింది. ఇల్లంతా పండగ. తీరా చూస్తే విన్నవాళ్ళంతా తెలుగు మాట వినపడని దేశాలవాళ్ళు! ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. మరో వారానికి అవి దొంగ లెక్కలని పాటనే తీసేశారు. మిగతా ఇరవై వేలు కట్టనివ్వలేదు నేను.

పిల్ల రెండురోజులు అన్నం తినలేదు. తరవాత పాట మళ్ళీ పెట్టుకుంది. దసరాకి వీధి చివర అమ్మవారి పందిట్లో పాడింది. నలభైమంది ఉంటారేమో. ఒక ముసలావిడ వచ్చి, "మళ్ళీ పాడవే తల్లీ" అంది. ఆ ఒన్స్ మోర్‌కి ఎవరూ డబ్బు కట్టలేదు.

మీ ఇంట్లో పాడే పిల్లలుంటే గురువుకి ఇవ్వండి, శ్రుతిపెట్టెకి ఇవ్వండి, మంచి రికార్డింగుకి ఇవ్వండి. అవి పిల్ల దగ్గరే ఉంటాయి. ఎవరైనా డబ్బు కట్టమని వస్తే మాత్రం ఒకే ప్రశ్న వెయ్యండి: "పాట ఆడకపోతే మీకు పోయేదేమిటి బాబూ?" ఏమీ లేదంటే, కాఫీ ఇచ్చి పంపించెయ్యండి.

గాజులు మాత్రం ఇంకా విడిపించలేదు. సంక్రాంతికి విడిపిద్దామని చూస్తున్నాం.