మూసీ తుగ్యానీ: ఇల్లు విడిచే ఘడియ

హైదరాబాదు నగర చరిత్రలో 1908 సెప్టెంబరు 28, సోమవారం మరువరాని దినము. హిజ్రీ 1326, రమజాను మాసం అప్పుడే మొదలైన రోజులవి. ఆనాటి మూసీ వరదను మన బుజుర్గులు 'తుగ్యానీ' అని పిలిచేవారు. కూలిన వంతెనల గురించి, తరువాత కట్టిన ఆనకట్టల గురించి చాలామంది రాశారు. మేము ఈ వ్యాసంలో వేరొక సంగతి ముందుకు తేదలిచాము. అర్ధరాత్రి నీళ్ళు గడప దాకా వచ్చినప్పుడు, ఇల్లు విడవాలా, ఉండాలా? విడిస్తే ఎటు పోవాలి? ఎవరిని ముందు తీసుకుపోవాలి? ఆ నాలుగు నిమిషాల నిర్ణయం మీదనే ఎన్నో కుటుంబాల బ్రతుకు ఆధారపడింది.

మొదట వరద ఎట్లా వచ్చిందో తెలుసుకోవాలి. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి నగరం నడుమగా పారుతుంది. నగరానికి ఎగువన ఉన్న పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉండేవనీ, వాటిలో 221 తెగిపోయాయనీ తరువాత విచారణ చేసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు లెక్క తేల్చారు. అంటే ఇది ఒక్క వాన నీరు కాదు. ఒక చెరువు తెగి క్రింది చెరువు మీద పడింది, అదీ తెగింది. అందుచేత నీరు మెల్లమెల్లగా కాక, అంచెలంచెలుగా విరుచుకుపడింది. మూసీ పొంగడం నగరవాసులకు కొత్త కాదు. అంతకుముందు ఎన్నోసార్లు పొంగింది, తీసింది. "తెల్లారేసరికి తగ్గుతుందిలే" అనుకున్నవాళ్ళు ఆ రాత్రి ఎందరో ఉండి ఉంటారు. పాత అనుభవం మంచి గురువే, కాని ప్రతిసారీ కాదు.

ఆ ఒక్క రోజులో సుమారు 19 వేల ఇళ్ళు నేలమట్టమయ్యాయి. 80 వేల మంది నిలువ నీడ కోల్పోయారు. చనిపోయినవారు 15 వేలని సాధారణంగా చెబుతారు, ఇంకా ఎక్కువే అనేవారూ ఉన్నారు. అఫ్జల్‌గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిని దారులు తెగిపోయాయి. కుతుబ్‌షాహీల కాలంలో, 1578లో కట్టిన పురానాపుల్ మాత్రం నిలిచింది. వంతెన ఉన్నంతసేపే అవతలి ఒడ్డు అందుబాటులో ఉంటుంది. అది పోయిన తర్వాత ఎంత బుద్ధిమంతుడికైనా నిర్ణయం తీసుకునే అవకాశమే లేదు.

మరి జనం ఎందుకు ఆగుతారు? ఆ కాలపు రివాజును తలచుకుంటే కొంత అర్థమవుతుంది. పరదా ఇళ్ళలో ఆడవారు రాత్రివేళ గడప దాటాలంటే మేనా కావాలి, మగతోడు కావాలి. మంచం పట్టిన ముసలివారిని ఎవరు మోస్తారు? కూతురి జహేజు కోసం దాచిన సందూకు ఎట్లా వదిలేది? ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. కాని నీరు జవాబు కోసం ఆగదు. ఇంటి కప్పు ఎక్కితే చాలుననుకోవడం ఇంకొక ప్రమాదం. మట్టిగోడ అడుగున నానితే పైన ఉన్నవారితో సహా కూలుతుంది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలోని చింతచెట్టు మీదికెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆసుపత్రి కొట్టుకుపోయింది, చెట్టు నిలిచింది. ఆ స్థలంలోనే తరువాత ఉస్మానియా ఆసుపత్రి లేచింది. అయితే చెట్టు ఎక్కడం అన్ని దారులూ మూసుకుపోయాక చేసే పని. ముందే మెట్టకు చేరినవాడికి చెట్టుతో పనిలేదు.

ఉర్దూ రుబాయీలకు పేరుపొందిన అమ్జద్ హైదరాబాదీ ఈ వరదలోనే తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నారు. ఇంటిల్లిపాదిలో తానొక్కరే మిగిలారు. ఆ దుఃఖాన్ని 'ఖయామతె సుగ్రా' అనే కవితలో చెప్పుకున్నారు. వేల సంఖ్య చదివితే కళ్ళు చెమ్మగిల్లవు. ఒక్క ఇంటి కథ వింటే చెమ్మగిల్లుతాయి.

ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ తన మహలు తలుపులు నిరాశ్రయులకు తెరిచారు, అన్నదానం జరిపించారు. 1909లో విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన సలహా మీద 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ తయారయ్యాయి. వాటి వల్ల నగరానికి ఎంతో రక్షణ కలిగింది. కాని చెరువు తెగే ప్రమాదం పోలేదు. 2020 అక్టోబరులో బాలాపూర్ దగ్గర గుర్రం చెరువుకు గండిపడి, హాఫిజ్ బాబా నగర్ వంటి బస్తీల్లోకి రాత్రికి రాత్రే నీరు వచ్చింది. అంటే 1908లో అడిగిన ప్రశ్నే మళ్ళీ గుమ్మం ముందుకొచ్చింది.

ఈ చరిత్ర నుండి మనం నేర్వవలసినవి నాలుగు మాటలు. ఒకటి, నిర్ణయం నీళ్ళు వచ్చాక కాదు, ఎండాకాలంలోనే చేసుకోవాలి. ఏ వీధి గుండా, ఏ మెట్టకు, ఎవరింటికి అన్నది ఇంట్లో పిల్లవాడికి సైతం తెలిసి ఉండాలి. రెండు, రేషను కార్డు, ఆధారు, పిల్లల సర్టిఫికెట్లు, రోజూ వేసుకునే మందులు ఒక్క సంచిలో ఉండాలి. ఆ సంచి తప్ప మరి దేనికోసమూ వెనుదిరగరాదు. మూడు, ముసలివారు, గర్భిణులు, పసిపిల్లలు ముందు కదలాలి. మొహల్లాలో అట్టివారు ఏ ఏ ఇళ్ళల్లో ఉన్నారో నౌజవానులు ముందే రాసిపెట్టుకోవాలి. పొరుగింటివాడు ఏ మతస్థుడైనా ఆ జాబితాలో ఉండాలి. నాలుగు, వెళ్ళమని అధికారులు చెప్పినా, మసీదు మైకులో పిలుపు వినిపించినా, "ఇంకాసేపు చూద్దాం" అనే మాట నోట రానీయకూడదు. వరద రాకపోతే పోయేది ఒక్క రాత్రి నిద్ర. వస్తే దక్కేది ఇంటిల్లిపాది.

ఇల్లు విడవడం పిరికితనమనీ, ఉండడం ధైర్యమనీ కొందరు అంటుంటారు. మేము అట్లా తలచము. గోడలు మళ్ళీ కట్టుకోవచ్చు, సందూకు మళ్ళీ కొనుక్కోవచ్చు. తుగ్యానీ తర్వాత నగరం మళ్ళీ లేచింది. అమ్జద్ గారి ఇంటివారు మాత్రం తిరిగి రాలేదు. సోదరులు, సోదరీమణులు ఈ వానాకాలానికి ముందే ఒక సాయంత్రం కూర్చుని, తమ ఇంటి సంగతి మాట్లాడుకోవాలని మా మనవి.