రేవులో దుకాణం ఆచూకీ: రంగూన్ మేస్త్రీల నుంచి యూనికోడ్ దాకా

యాంగోన్ నగరపు దక్షిణపుటంచున, స్ట్రాండ్ రోడ్డుకూ నదికీ మధ్య సన్నని పట్టీలా సాగే టౌన్‌షిప్ పేరు సేక్కాన్. బర్మీస్ భాషలో ఆ మాటకు రేవు అనే అర్థం. వార్ఫులు, గోదాములు, పడవలు ఆగే మెట్ల రేవులు, వాటిని నమ్ముకుని బతికే చిన్న వ్యాపారాలు తప్ప ఇక్కడ కాపురాలు తక్కువ. కొన్నేళ్ళ క్రితం వరకూ ఈ పేరును బర్మీస్ లిపిలో ఫోనులో రాసి ఒక దుకాణం కోసం వెతికితే, అది దొరకడమూ దొరకకపోవడమూ దుకాణం ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడలేదు. వెతికే మనిషి ఫోనూ దుకాణదారు ఫోనూ పొల్లు గుర్తును ఒకే సంకేతంతో దాచుకున్నాయా లేదా అన్నదాని మీద ఆధారపడింది. తెర మీద రెండూ ఒకేలా కనిపించేవి. యంత్రానికి మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు.

స్థానిక వ్యాపారాలు ఆన్‌లైన్ వెతుకులాటలో కనబడేలా చేయడం ఇవాళ ఒక వృత్తి. దానికి పరిభాష, నిపుణులు, రుసుములు అన్నీ ఏర్పడ్డాయి. అయితే కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య సూచిక ఒకటి ఉండటం, ఆ సూచిక ఎవరి చేతిలో ఉందో వారే ఎవరు కనబడాలో నిర్ణయించడం కొత్త సంగతి కాదు. రంగూన్ రేవులో అది సుమారు నూట డెబ్భై ఏళ్ళ కథ. అందులో చాలా భాగం తెలుగువారి కథ కూడా.

రెండవ ఆంగ్లో-బర్మా యుద్ధం తరువాత 1853లో బెంగాల్ ఇంజనీర్ల దళానికి చెందిన అలెగ్జాండర్ ఫ్రేజర్, అంతకుముందు డాక్టర్ మాంట్‌గోమరీ సూచించిన ఆలోచనను ఆధారం చేసుకుని, సూలే పగోడా కేంద్రంగా రంగూన్‌కు గళ్ళ నమూనా గీశాడు. వెడల్పాటి వీధులకు పాలకుల పేర్లు పెట్టి, ఇరుకు వీధులకు అంకెలు వేశారు. ఊరు తెలియని వాడికి సైతం ముప్పయ్యేడో వీధి ముప్పయ్యారో వీధి పక్కనే ఉంటుందని తెలుస్తుంది. వలసవచ్చినవారితో నిండబోయే నగరానికి ఇంతకన్నా తగిన అమరిక ఊహించడం కష్టం. పొడవాటి వీధులను ఎగువ, నడిమి, దిగువ భాగాలుగా చెప్పే అలవాటు కూడా ఏర్పడి, ఇప్పటికీ చిరునామాల్లో నిలిచి ఉంది.

ఆ నగరానికి తెలుగు తీరం నుంచి వెళ్ళిన కూలీలు దానిని రంగం అన్నారు. రంగం వాళ్ళను కోరంగీలు అంది. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు 1839 తుఫానులో ధ్వంసమైనా దాని పేరు సముద్రం దాటి, గంజాం నుంచి గోదావరి దాకా ఏ జిల్లా నుంచి వచ్చిన తెలుగువాడికైనా అంటుకుంది. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి స్టీమర్ల డెక్కు మీద ప్రయాణించి వచ్చినవారే రంగూన్ వార్ఫుల్లో సరుకు దించారు, రిక్షాలు లాగారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనసంఖ్య 400,415. అందులో భారతీయులు 212,929, అంటే సగానికి పైన.

ఇన్ని వేలమందిలో ఒక కూలీకి పని ఎలా దొరికేది? ఓడ సరుకు దించే స్టీవెడోర్ కంపెనీకి కూలీ పేరు తెలియదు, తెలియనక్కరలేదు. కంపెనీకి తెలిసినది మేస్త్రీ. మేస్త్రీకి తెలిసినది తన ఊరు, తన చుట్టుపక్కల ఊళ్ళు, తాను టిక్కెట్టుకు అప్పిచ్చి తెచ్చిన మనుషులు. ఎవరికి ఎంత బాకీ ఉందో రాసుకున్న అతని లెక్కే ఆ రేవుకు సూచిక. ఆ లెక్కలో లేనివాడు రేవు ముందు రోజంతా నిలబడినా కనబడడు. కూలి డబ్బు కూడా అదే దారిలో కిందికి వచ్చేది, వస్తూ వస్తూ తరిగేది. రంగూన్‌లో వలసదారుల సహాయ సంరక్షకుడిగా పనిచేసిన ఇ. జె. ఎల్. ఆండ్రూ 1933లో ప్రచురించిన ‘ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్’లో ఈ వ్యవస్థ వివరంగా కనిపిస్తుంది. 1931 నాటి విట్లీ కమిషన్ నివేదిక కూడా రంగూన్ కూలీల స్థితిని చర్చించింది. ఈ రెండూ పాలకవర్గపు పత్రాలేనన్న మెలకువతో చదవాలి, కానీ చదవాలి.

సూచిక మధ్యవర్తుల చేతిలో ఉన్నప్పుడు ఏం జరుగుతుందో 1930 మే నెల చూపించింది. కూలి పెంచమని తెలుగు రేవు కూలీలు సమ్మె చేశారు. స్టీవెడోర్లు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు. తరువాత సమ్మె పరిష్కారమై తెలుగువారు పనిలోకి తిరిగి వచ్చేసరికి, మే 26 ఉదయం పనికి వచ్చిన బర్మీయులకు పని లేదన్నారు. అక్కడ మొదలైన కొట్లాట నగరమంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. మృతుల్లో అత్యధికులు తెలుగువారు. దీనిని రెండు జాతుల వైరంగా చెప్పడం పరిపాటి. పని కోరి వచ్చినవారికీ పనికీ మధ్య కూర్చున్నవారి పాత్ర ఆ కథనంలో వెనక్కి పోతుంది.

పెద్ద వ్యాపారాల సంగతి వేరు. వాటికి ‘థాకర్స్ ఇండియన్ డైరెక్టరీ’ వంటి గ్రంథాలు, ఆంగ్ల పత్రికల ప్రకటనలు ఉండేవి. ఇంగ్లీషులో పేరు నమోదై, ఉత్తరం అందే చిరునామా ఉన్న సంస్థ కలకత్తాలో ఉన్నవాడికి కూడా దొరికేది. వీధి మలుపులో అటుకులూ చింతపండూ అమ్మే తెలుగు కొట్టు ఆ అట్టల మధ్యకు చేరలేదు. దానిని వెతకవలసినవారికి అది నోటిమాటగానే తెలుసు. ఆ నోళ్ళు ఉన్నంతకాలం అది చాలింది.

1942లో జపాన్ సేనలు రాగానే సుమారు అయిదు లక్షలమంది భారతీయులు కాలినడకనో, దొరికిన ఓడలోనో బర్మా విడిచారు. మిగిలినవారూ తిరిగి వెళ్ళినవారూ మళ్ళీ నిలదొక్కుకుంటున్న దశలో 1962 సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964 మార్చిలో రంగూన్ దుకాణాలు జాతీయమయ్యాయి. యజమాని పేరుతో, ఊరి పేరుతో, దేవుడి పేరుతో ఉన్న బోర్డుల స్థానంలో ప్రజా దుకాణం అన్న మాటా, ఒక నంబరూ వచ్చాయి. మే 17న యాభై, వంద చాట్ల నోట్లు రద్దయ్యాయి. తిరిగి వచ్చినవారిలో కొందరికి విశాఖపట్నంలో వెలసిన కాలనీ ఇప్పటికీ బర్మా క్యాంపే. ఆస్తి పోవడం గురించి చాలా రాశారు. బోర్డు మీది పేరు పోతే పాత ఖాతాదారుడు, అప్పు ఇచ్చినవాడు, స్వదేశం నుంచి వెతుక్కుంటూ వచ్చే బంధువు, ముగ్గురికీ ఆ దుకాణం ఒక్కసారే మాయమవుతుంది. ఈ నష్టానికి లెక్క కట్టినవారు అరుదు.

స్వాతంత్ర్యానంతరం వీధుల పేర్లూ మారాయి. డల్హౌసీ వీధి మహాబందుల రోడ్డు అయింది, ఫ్రేజర్ వీధి అనోరథ రోడ్డు, ఫేయర్ వీధి పన్సొడాన్. స్పార్క్స్ వీధికి 1938 డిసెంబరులో పోలీసు దెబ్బలకు మరణించిన విద్యార్థి బో ఆంగ్ చా పేరు వచ్చింది. రేవు దగ్గరి లూయిస్ వీధి సేక్కాన్ తా వీధి అయింది. ఈ మార్పులు న్యాయమైనవే, ఆక్రమించినవాడి పేరును ఎవరూ శాశ్వతంగా మోయనక్కరలేదు. కానీ పాత ఉత్తరం మీది చిరునామాను కొత్త వీధికి జతచేసే పట్టిక మనుషుల జ్ఞాపకంలో తప్ప మరెక్కడా సులభంగా దొరకలేదు.

ఆ తరువాత దశాబ్దాలు దాటితే వచ్చేది ఫోను. సైనిక పాలనలో సిమ్ కార్డు సంపన్నుల వస్తువు. 2014 ఆగస్టులో ఊరెడూ సంస్థ దానిని 1,500 చాట్లకు అమ్మింది, సెప్టెంబరులో టెలినార్ వచ్చింది. అదే ఏడాది జనగణన నాటికి ఇంట్లో ఇంటర్నెట్ ఉన్న కుటుంబాలు వందకు ఆరే. అంటే దేశం కంప్యూటరు దశను దాదాపు దాటవేసి నేరుగా ఫోనులోకి దిగింది. ఆ ఫోనుల్లో ఉన్న అక్షరాలు మాత్రం ప్రపంచం ఒప్పుకున్న అక్షరాలు కావు.

బర్మీస్ లిపికి యూనికోడ్‌లో చోటు 1999లో, మూడవ సంచికలో దొరికింది. అప్పటి పద్ధతి తెలుగువారికి పరిచితమైనదే. మనకు పొల్లుకూ వత్తుకూ ఒకటే సంకేతం: న తరువాత అది వచ్చి ఆగితే నకారపొల్లు, దాని వెంట మరో హల్లు వస్తే ఆ హల్లు వత్తవుతుంది. ‘ఫేస్‌బుక్’లో బకారం వత్తుగా మారకుండా సకారపొల్లు నిలవాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక విభాజకం పెట్టాలి. అది పెట్టి రాసిన మాటా పెట్టకుండా రాసిన మాటా యంత్రానికి ఒకటి కావు. బర్మీస్‌కు ఈ చిక్కు ఎక్కువ. వారి మాటల్లో పొల్లు అడుగడుగునా వస్తుంది. అందుకని 2008లో వచ్చిన 5.1 సంచిక పొల్లుకు వేరే సంకేతం ఇచ్చి, పాతదానిని వత్తు కోసమే ఉంచింది.

ఆ సవరణ ఆలస్యమైంది. అప్పటి విండోస్‌కు బర్మీస్ లిపిని కూర్చడం చేతకాదు. మైక్రోసాఫ్ట్ సొంతంగా ఆ లిపికి ఫాంటు ఇచ్చింది 2012 నాటి విండోస్ 8తోనే. ఈలోగా స్థానికంగా తయారైన జాజీ అనే ఫాంటు ఆ కొరత తీర్చింది. ఏ యంత్రం మీదైనా అక్షరం సరిగా కనబడాలన్నదే దాని లక్ష్యం, కాబట్టి కంటికి కనిపించే వరుసలోనే గుర్తులను దాచింది. ఎకారపు గుర్తు హల్లుకు ఎడమన కనబడుతుంది గనక హల్లుకు ముందే దాచింది. యూనికోడ్‌లో అది ఉచ్చారణ క్రమంలో హల్లు తరువాత వస్తుంది. హల్లును చుట్టుకునే రవత్తుకు హల్లు వెడల్పును బట్టి అరడజనుకు పైగా సంకేతాలు వాడింది. వాటి కోసం షాన్, మోన్, కరెన్ భాషల అక్షరాలకు కేటాయించిన చోట్లను ఆక్రమించింది. పాత వత్తు సంకేతాన్ని పొల్లుగా ఉంచేసింది.

బర్మీస్‌లో సేక్కాన్ అన్న మాటలో పొల్లు రెండుసార్లు వస్తుంది. యాంగోన్‌లోనూ అంతే. జాజీలో రాసిన సేక్కాన్‌ను యూనికోడ్ ఫోను చదివితే మొదటి పొల్లు తన పక్కనున్న కకారాన్ని కిందికి లాగి వత్తును చేస్తుంది, రెండవది ఎటూ కాకుండా మిగిలిపోతుంది. వీటి పైన బర్మీస్‌లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలడం నియమం కాదు. కాబట్టి వెతికే యంత్రం ముందుగా మాటలు విడగొట్టుకోవాలి, సంకేతం తప్పైతే విడగొట్టడమూ తప్పుతుంది. సొంత ఊరి పేరు, సొంత నగరం పేరు సరిగా రాసిన దుకాణదారు వెతుకులాటలో కనబడకపోవడంలో అతని దోషం ఏమీ లేదు.

తెలుగు పాఠకులకు ఇది ఎక్కడో విన్న కథలా ఉంటే ఆశ్చర్యం లేదు. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో వచ్చినా, తెలుగు పత్రికలు చాలాకాలం తమ తమ ఫాంటులతోనే అంతర్జాలంలో నడిచాయి. ఆ పుటల్లోని వార్త ఆ ఫాంటు ఉన్నవాడికి తెలుగు, వెతికే యంత్రానికి అర్థంలేని రోమన్ అక్షరాల గుట్ట. ఫైర్‌ఫాక్స్‌కు ‘పద్మ’ అనే అనుబంధం తగిలించుకుని వాటిని యూనికోడ్‌గా మార్చుకు చదివిన తరం ఇంకా ఉంది. మనకు మేలు చేసినది ఒకటే: మన తప్పుడు సంకేతాలు రోమన్ చోట్లలో కూర్చున్నాయి, కాబట్టి తేడా ఇట్టే తెలిసేది. జాజీ బర్మీస్ చోట్లలోనే కూర్చుంది. ఏది ఏదో చెప్పడానికి గూగుల్ సంభావ్యతలు లెక్కకట్టే ఉపకరణాన్ని తయారుచేయవలసి వచ్చింది.

ఈ కాలంలో యాంగోన్‌లో చిన్న వ్యాపారానికి వెబ్‌సైటు అంటే ఫేస్‌బుక్ పుటే. ఒకే ప్రకటనను జాజీలో ఒకసారి, యూనికోడ్‌లో ఒకసారి రాసి రెండూ పెట్టేవారు. 2019 అక్టోబరు 1న దేశం అధికారికంగా యూనికోడ్‌కు మారింది, ఫేస్‌బుక్ తనంతట తానే మార్చి చూపే ఏర్పాటు చేసింది. చిక్కు తీరిందనుకునేలోపు 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకుని, 4వ తేదీన ఫేస్‌బుక్‌ను ఆపించింది. జనం వీపీఎన్‌ల వైపు మళ్ళారు, 2024 మధ్యనుంచి వాటినీ అడ్డుకున్నారు. స్థానిక ఫలితాలను ఔచిత్యం, దూరం, ప్రాముఖ్యం అనే మూడింటిని బట్టి పేరుస్తామని గూగుల్ చెబుతుంది. వీపీఎన్ చాటున ఉన్నవాడు, ఫోను తన అసలు చోటు చెప్పకపోతే, యంత్రానికి మరో దేశంలో ఉన్నట్టు కనిపిస్తాడు. పక్క వీధిలోని దుకాణం అప్పుడు దూరమవుతుంది. సమీక్షలు, ఫొటోలు పోగుచేసుకుని సంపాదించే ప్రాముఖ్యం ఇంటర్నెట్టే నిలకడగా లేనిచోట ఎలా పోగవుతుంది?

ఇటువంటి చోట ఒక దుకాణానికి సాయం చేయడమంటే ప్రకటనల విద్య కాదు. పేరును యూనికోడ్‌లో తిరిగి రాయడం, ఆ పేరు రోమన్ లిపిలో ఎన్ని విధాల రాస్తారో అన్నీ చేర్చడం, పటం మీద గుర్తును వీధి మొదట్లో కాక అసలు గుమ్మం దగ్గర నాటడం, ఎగువ భాగమో దిగువ భాగమో చెప్పడం. అన్నీ గుమాస్తా పనులే. పాత డైరెక్టరీలను కూర్చినవారూ ఇదే చేశారు, ఎవరిని చేర్చాలన్న ఎంపిక తమ దగ్గర ఉంచుకుని.

తెలుగువారి సంతతి విషయంలో మరో ముడి ఉంది. బర్మాలో మిగిలిన భారతీయ సంతతివారిలో బర్మీస్ పేర్లు పెట్టుకోవడం సాధారణం. ఇంటిపేరు ఆధారంగా వెతికే మన అలవాటు అక్కడ పనిచేయదు. ఆంగ్ల పత్రాల్లో కోరంగి అన్న మాటకే స్థిరమైన వర్ణక్రమం లేదు. ఇక రంగం అని తెలుగులో వెతికితే ఆ మాటకు నాటకరంగం నుంచి యుద్ధరంగం దాకా అర్థాలున్నాయి. శ్రీకాకుళం జిల్లాలో ఒక ఇంటి పెట్టెలో తాతల నాటి కార్డు దొరికి, దాని మీద లూయిస్ స్ట్రీట్, రంగూన్ అని ఉందనుకుందాం. ఆ కార్డు పట్టుకున్నవారికి సేక్కాన్ తా అన్న మాట తట్టే దారి లేదు. ఆ వీధిలో నేడు కొట్టు నడుపుతున్నవారికి తమ వీధి పాత పేరు తెలిసి ఉండవచ్చు, దానిని ఎక్కడా రాయవలసిన అవసరం మాత్రం వారికి ఎన్నడూ తోచి ఉండదు. పటంలోని వివరాల పెట్టెలో, ఫోను నంబరు కింద, ‘పూర్వపు లూయిస్ వీధి’ అన్న ఒక్క పంక్తికి చోటు ఉంది.