అండాశయ పుటికలో కణాల సమాచార వినిమయం

ఎదుగుతున్న అండాశయ పుటికలో నడుమ అండకణం, దాని చుట్టూ గ్రాన్యులోజా కణాలు, వాటికి బయట థీకా కణాలు ఉంటాయి. చుట్టూ ఉన్నవి పోషిస్తాయి, అండం పెరుగుతుంది అన్న పాత వివరణ సగమే నిలిచింది. పుటిక ఎదుగుదలను చాలావరకు అండమే నడిపిస్తుందనడానికి ఇప్పుడు ఆధారాలు బలంగా ఉన్నాయి.

అండాన్ని కప్పిన జోనా పెల్లూసిడా పొర గుండా గ్రాన్యులోజా కణాలు సన్నని పోగులు చాచి అండపు త్వచాన్ని తాకుతాయి. తాకిన చోట కనెక్సిన్-37తో ఏర్పడిన గ్యాప్ జంక్షన్ల ద్వారా చిన్న అణువులు మాత్రమే దాటగలవు. అండం గ్లూకోజును సరిగా వాడుకోలేదు కాబట్టి పైరువేటును పక్క కణాలే అందిస్తాయి. ఈ కనెక్సిన్ లేని ఆడ ఎలుకలకు సంతానం కలగదని 1997లో తేలింది.

కుందేలు అండాన్ని పుటిక నుంచి బయటికి తీస్తే, ఆగి ఉన్న క్షయకరణ విభజన దానంతటదే మొదలవుతుందని పింకస్, ఎన్జ్‌మన్ 1935లో చూపారు. లోపల దాన్ని ఆపుతున్నదేమిటి? 1970లలో ఒక పెప్టైడు అన్నారు. అది శుద్ధరూపంలో చిక్కనేలేదు. తర్వాత హైపోజాంథీన్ వంతు వచ్చింది. నేడు ఎక్కువమంది ఒప్పుకునేది సైక్లిక్ జీఎంపీ. ఇది గ్రాన్యులోజా నుంచి అండంలోకి చేరి, అక్కడి సైక్లిక్ ఏఎంపీ విచ్ఛిన్నం కాకుండా చూస్తుంది. ఆ సైక్లిక్ ఏఎంపీ కూడా బయటిదేనన్న వాదన ఉన్నా, అండంలో ఉండే జీపీఆర్-3 గ్రాహకం లేని ఎలుకల్లో విభజన ముందే మొదలైందన్న 2004 నాటి ఫలితాన్ని బట్టి, అండమే దాన్ని తయారుచేసుకుంటుందనడం సబబు. ఎల్‌హెచ్ హార్మోను ఒక్కసారిగా పెరిగినప్పుడు సైక్లిక్ జీఎంపీ తగ్గి విభజన ముందుకు సాగుతుంది.

అండం పంపే సంకేతాల్లో జీడీఎఫ్-9, బీఎంపీ-15 ముఖ్యమైనవి. మొదటిది లేని ఎలుకల్లో పుటిక ఒంటివరుస గ్రాన్యులోజా దశలోనే నిలిచిపోతుంది (1996). రెండోదాని పాత్రను గొర్రెలు బయటపెట్టాయి: న్యూజిలాండ్ ఇన్వర్‌డేల్ గొర్రెల్లో మార్పు చెందిన జన్యువు ఒక ప్రతి ఉంటే అండాలు ఎక్కువ విడుదలవుతాయి, రెండు ప్రతులుంటే గొర్రె గొడ్డుబోతుంది. ఎలుకల్లో ఆ లోపం ప్రభావం స్వల్పమే కనుక ఒక జంతువు ఫలితాన్ని మరోదానికి నేరుగా వర్తింపజేయలేం. ఇలాంటి సంకేతాలను అందుకునే గ్రాహకాల్లో ఒకటైన బీఎంపీఆర్-1బీలో మార్పు వల్లే ఆస్ట్రేలియా బూరూలా మెరినోకు కవలలు ఎక్కువ. అదే మార్పు సుందరబన్ గారోల్ గొర్రెలోనూ ఉంది. 1792-93 ప్రాంతంలో బెంగాల్ నుంచి వెళ్లిన గొర్రెల ద్వారా అది ఆస్ట్రేలియాకు చేరి ఉండవచ్చు. తెలంగాణలోనూ పెంచే దక్కనీ జాతిలోకి ఆ జన్యువును మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో ప్రవేశపెట్టారు.

థీకా, గ్రాన్యులోజాల పొత్తు తేటగానే తెలుసు: ఎల్‌హెచ్ ప్రేరణతో థీకా ఆండ్రోజన్ తయారుచేస్తే, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోను ప్రేరణతో గ్రాన్యులోజా దాన్ని ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. థీకా పొర మొదట ఏర్పడేలా చేసే సంకేతాలపై మాత్రం ఏకాభిప్రాయం లేదు.