మామీకి ఎన్ని మార్కులు?

1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చినప్పుడు, పిల్లల బొమ్మలు అయిపోయాక రాత్రిపూట అదే చానల్‌లో టీఎన్‌టీ పేరుతో పాత హాలీవుడ్ సినిమాలు మొదలయ్యేవి. నిజామాబాద్‌లాంటి ఊళ్ళలో సెకండ్ షోకి ఒంటరిగా వెళ్ళలేని ఆడవాళ్ళకి, వంటిల్లు సర్దుకున్నాక, ఆ సినిమాలు ఇంట్లోనే దొరికాయి. చూడటం మన వంతయింది, మార్కులు వేసే పని మాత్రం వేరేవాళ్ళదే.

ఆ మార్కుల్ని తిరగదోడాలి. 'గాన్ విత్ ది విండ్' (1939)లో స్కార్లెట్ మొండితనానికి నేనూ ధారాళంగానే వేస్తాను. కానీ ఆమె నడుముకి తాళ్ళు బిగించే బానిస స్త్రీకి సినిమా అంతటా 'మామీ' తప్ప పేరే లేదు. ఆ పాత్ర వేసిన హాటీ మెక్‌డేనియల్‌కి వర్ణవివక్ష వల్ల అట్లాంటాలో జరిగిన తొలి ప్రదర్శనలో చోటు దక్కలేదు. 1940లో ఆస్కార్ గెలిచిన తొలి నల్లజాతి నటి ఆమె. ఆ రాత్రీ ఆమెని విడిగా వేరే బల్ల దగ్గరే కూర్చోబెట్టారు.

బోధన్ నుంచి చూస్తే ఇది మరీ దూరపు కథ కాదు. 1937లో స్థాపించి, 2015లో మూతపడిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ చరిత్ర చెప్పేటప్పుడు నిజాం గుర్తొస్తాడు, యాజమాన్యాలు గుర్తొస్తాయి. చెరకు మోపులు మోసిన ఆడకూలీ పేరు ఎవరికి గుర్తు? బానిసత్వమూ కూలీ ఒకటి కావు, నిజమే. పేరు పోవడం మాత్రం రెండుచోట్లా ఉంది.

నా లెక్కలో హాటీ నటనకి పదికి పది, సినిమాకి నాలుగు. భార్యకి పిచ్చెక్కిందని ఆమెనే నమ్మించే భర్త కథ 'గ్యాస్‌లైట్' (1944)కి తొమ్మిది. ఆమెకి మతి సరిగానే ఉందని తేల్చడానికి చివరికి ఒక మగ పోలీసు రావలసి వచ్చింది, అందుకే ఆ ఒక్క మార్కు కోశాను.