సున్న వేరు, ఖాళీ వేరు

సున్నను ప్రపంచానికి ఇచ్చింది మనమేనని గర్వంగా చెప్పుకుంటాం. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు సున్నతో కూడికలు, తీసివేతలు ఎలా చేయాలో సూత్రాలు రాశాడు. కానీ సున్న ఒక అంకె. ఖాళీ అంకె కాదు. ఈ తేడా కంప్యూటర్లకు నేర్పడం అంత తేలిక కాలేదు.

పాత ప్రోగ్రాముల్లో తేదీ తెలియకపోతే 9/9/99 అని వేసే అలవాటు ఉండేది. అందుకే, వై2కె పనులకు మనవాళ్ళు ఎందరో అమెరికా వచ్చిన ఆ రోజుల్లో, 1999 సెప్టెంబరు 9న ఏం ముంచుకొస్తుందోనని భయపడ్డారు. అదృష్టవశాత్తూ పెద్ద ప్రమాదమేమీ జరగలేదు.

అంతకు చాలా ముందే, 1965లో, టోనీ హోర్ అనే శాస్త్రజ్ఞుడు ఆల్గాల్ డబ్ల్యు భాషలో 'నల్' ప్రవేశపెట్టాడు. అంటే ఏ ఇంటికీ చేర్చని చిరునామా అన్నమాట. ప్రోగ్రాము చూసుకోకుండా ఆ చిరునామాకు వెళితే అక్కడే కుప్పకూలుతుంది. 2009లో లండన్ సభలో హోర్ స్వయంగా దీన్ని వంద కోట్ల డాలర్ల పొరపాటుగా వర్ణించాడు.

డేటాబేసులకు పునాది వేసిన ఎడ్గర్ కాడ్ మరో కోణంలో ఆలోచించాడు. అవును, కాదు అన్న రెండు జవాబులకు 'తెలియదు' అన్న మూడోదాన్ని చేర్చాడు. 1990 నాటి పుస్తకంలో ఖాళీలే రెండు రకాలన్నాడు: ఉండి తెలియనిది, అసలు వర్తించనిది. ఎస్.క్యూ.ఎల్. మాత్రం ఒక్క నల్‌తోనే సరిపెట్టుకుంది.

ఇది పండితుల చర్చేనా? మా ఆవిడ డాక్టరు. రోగి కాగితంలో "పడని మందులు" అన్న గడి ఖాళీగా ఉంటే, పడని మందులు లేవని అర్థమా, ఎవరూ అడగలేదని అర్థమా? మొదటిదే అనుకుని పెన్సిలిన్ ఇస్తే ప్రాణం మీదికి రావచ్చు.

ఎం.ఎల్., హాస్కెల్ వంటి భాషలు దీనికి దారి చూపాయి. విలువ ఉండకపోవచ్చని ముందే ప్రకటించాలి. లేనప్పుడు ఏం చేయాలో కూడా రాయాలి. 2014లో వచ్చిన స్విఫ్ట్ భాష ఈ పద్ధతినే చేపట్టింది. జావా కూడా అదే ఏడాది కొంతవరకు ఈ బాట పట్టింది.

మన తెలుగులో లేదు, తెలియదు, వర్తించదు అని మూడు మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఈసారి ఆసుపత్రిలో అమ్మానాన్నల ఫారం నింపేటప్పుడు గడి ఖాళీగా వదలకండి. ఆ మూడింటిలో ఏది నిజమో అది రాయండి.